ఆల్పైన్ స్నోబోర్డింగ్‌ని పోటీ రూల్సే చంపాయా? (అటక మీద బోర్డు చూశాక వచ్చిన అనుమానం)

సీతమ్మధార_శేఖర్ · శుక్రవారం రాత్రి 9:40

మొన్న వానలకి అటక కారుతుంటే సామానంతా కిందకి దింపాను. పాత దుప్పట్లో చుట్టి పెట్టిన నా స్నోబోర్డు బయటపడింది. డెన్వర్ నుంచి వచ్చేసేటప్పుడు సోఫాలూ మంచాలూ ఎవరెవరికో ఇచ్చేశాను గానీ దీన్ని వదల్లేక మోసుకొచ్చాను. రెండు పక్కలా ఇనుప అంచులు తుప్పు పట్టిపోయాయి. అక్కడ పన్నెండేళ్లు మంచులో నానినా పట్టని తుప్పు ఇక్కడ ఉప్పుగాలికి మూడేళ్లలో పట్టింది.

మా అమ్మాయి వుడా పార్కులో స్కేటింగ్‌కి వెళ్తోంది. బోర్డు చూసి "ఇంత సన్నగా ఉందేంటి నాన్నా, టీవీలో వాళ్లవి ఇలా ఉండవు కదా" అంది. నిజమే. పొడుగు 178 సెంటీమీటర్లు, నడుం దగ్గర 20 కూడా లేదు. ఇది గేట్ల మధ్య, అంటే మంచులో పాతిన గుంజల మధ్య, వంకర్లు తిరుగుతూ దిగే రేసుకి చేసిన ఆల్పైన్ బోర్డు. ఒకప్పుడు స్నోబోర్డింగ్‌లో సగం ఇదే. నేను అమెరికా వెళ్లేసరికే దీన్ని వేసుకుని లిఫ్టు క్యూలో నిలబడితే జనం ఆపి మరీ "ఏంటది?" అని అడిగేవాళ్లు.

ఎందుకిలా అయిందని అడిగింది. పోటీ రూల్స్ వల్ల అన్నాను. అన్నాక నాకే అనుమానం వచ్చింది. ఇక్కడ రేసులు తెలిసినవాళ్లున్నారు కదా, కాస్త వాదించండి.

గాజువాక_గిరి · 9:52

గురూ, ఇక్కడ చెమట తుడుచుకోడానికే టైం చాలట్లేదు. లంబసింగిలో మంచు గడ్డ కడితే చెప్పండి, బోర్డు నేను మోస్తాను.

ఎంవీపీ_మాధవి · 10:05

గిరి గారూ, ఆయన్ని చెప్పనివ్వండి ముందు. శేఖర్ గారూ, నాకు తెలిసిన స్నోబోర్డింగ్ అంటే గాల్లో గింగిరాలు కొట్టడమే. మీరంటున్నది వేరే ఆటా?

సీతమ్మధార_శేఖర్ · 10:31

ఆట ఒకటేనండి, బూట్ల దగ్గర విడిపోయింది. గింగిరాలు కొట్టేవాళ్లవి మెత్తటి బూట్లు. మావి స్కీ బూట్లలా గట్టి ప్లాస్టిక్‌వి, మీద బకిల్స్. పాదాలు బోర్డుకి అడ్డంగా కాకుండా ఇంచుమించు ముందుకే చూస్తుంటాయి, నావి 60 డిగ్రీల దగ్గర పెట్టుకునేవాణ్ని. బోర్డుని అంచు మీదకి వాలిస్తే అది జారదు, మంచుని కోసుకుంటూ పోతుంది. అదే కార్వింగ్.

రాత్రి మెషీన్ తిరిగి చదును చేసిన వాలు తెల్లారేసరికి కార్డురాయ్ గుడ్డలా చారలు చారలుగా ఉంటుంది. మొదటి లిఫ్టెక్కి దాని మీద దిగి, కింద ఆగి వెనక్కి చూసుకోవాలి. పెన్సిల్‌తో గీసినట్టు ఒకే ఒక్క గీత ఉంటే మలుపు కుదిరినట్టు. గీత కాస్త వెడల్పయిందంటే అక్కడ జారావన్నమాట, ఎవరూ చెప్పక్కర్లేదు. మలుపులో మోచెయ్యి మంచుకి తగులుతుంది. బైకు రేసుల్లో మోకాలు రోడ్డుకి ఆనిస్తారు చూశారా, ఆ పిచ్చికి ఇది తమ్ముడు.

సీతమ్మధార_శేఖర్ · 11:20

నిద్ర పట్టలేదు, రూల్స్ సంగతి కూడా రాసేస్తాను. పొడుగైతే తిట్టుకోకండి.

1982లో వెర్మాంట్‌లో సూసైడ్ సిక్స్ అనే కొండ మీద అమెరికాలో మొదటి జాతీయ స్థాయి పోటీ పెట్టారు. అందులో ఉన్నవి డౌన్‌హిల్ (వేగంగా కిందకి దిగడం), స్లాలమ్ (గేట్ల మధ్య తిరుగుతూ దిగడం). రెండూ రేసులే. హాఫ్‌పైప్, అంటే సగం పైపులా ఉండే మంచు కాలవలో గింగిరాలు కొట్టే పోటీ, తర్వాత వచ్చి చేరింది. చాలాకాలం ఒకే మనిషి పొద్దున గేట్లలో పరిగెత్తి మధ్యాహ్నం పైప్‌లో దూకేవాడు.

90లలో రెండు సమాఖ్యలు తయారయ్యాయి. స్నోబోర్డర్లు పెట్టుకున్నది ఐఎస్‌ఎఫ్. స్కీ వాళ్ల పెద్ద సమాఖ్య ఎఫ్‌ఐఎస్ ఆలస్యంగా కళ్లు తెరిచి తనూ పోటీలు మొదలెట్టింది. 1998 నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ పెట్టాలనుకున్నప్పుడు ఒలింపిక్ కమిటీ పగ్గాలు ఎఫ్‌ఐఎస్‌కి ఇచ్చింది. అప్పట్లో హాఫ్‌పైప్‌లో అందరికన్నా గొప్పవాడనిపించుకున్న నార్వే కుర్రాడు టెర్యే హాకన్సెన్ ఆ కోపంతోనే నగానోకి వెళ్లలేదు. ఐఎస్‌ఎఫ్ 2002కల్లా మూతపడింది.

నగానోలో రేసు జెయింట్ స్లాలమ్, అంటే గేట్లు ఇంకా దూరం దూరంగా ఉండే స్లాలమ్. ఒక్కొక్కరే దిగాలి, రెండు పరుగుల టైం కలుపుతారు. కెనడా వాడు రాస్ రెబగ్లియాటి ఇటలీ వాడు థామస్ ప్రుగ్గర్ కన్నా 0.02 సెకన్లు ముందు. తర్వాత పరీక్షలో గంజాయి ఆనవాళ్లు దొరికాయని మెడల్ లాక్కున్నారు, అప్పీలుకెళ్తే మళ్లీ ఇచ్చేశారు. ప్రపంచమంతా గంజాయి గురించి మాట్లాడుకుంది, రేసు ఎవరికీ గుర్తు లేదు.

టీవీ వాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. 0.02 సెకన్ల తేడా కంటికి కనపడదు. ఒకడు దిగుతాడు, గడియారం చూపిస్తారు, ఇంకొకడు దిగుతాడు, మళ్లీ గడియారం. అందుకని 2002 సాల్ట్ లేక్ నాటికి పారలల్ జెయింట్ స్లాలమ్ పెట్టారు. పీజీఎస్ అంటాం. ఎర్ర ట్రాకు, నీలం ట్రాకు, ఇద్దరు పక్కపక్కనే దిగుతారు. ముందు క్వాలిఫయింగ్, అందులోంచి 16 మంది, అక్కణ్నుంచి ఓడినవాడు ఇంటికి. చూడ్డానికి బాగుంటుంది, కాదనను.

కానీ రెండు ట్రాకులు ఒకేలా ఉండాలంటే కొండ కూడా ఒకేలా ఉండాలి కదా. గుట్టగా లేచినా, పక్కకి వాలినా, ఒక చోట నిటారుగా ఉన్నా, ఒకడికి అన్యాయం జరిగినట్టే. అందుకని ఇస్త్రీ చేసినట్టుండే వాలు వెతుక్కోవాలి. గేట్లు ఒకే లయలో పాతాలి. కొండని చదివి, ఇక్కడ తొందరపడాలి, అక్కడ ఓపిక పట్టాలి అనుకునే నేర్పుకి పని తగ్గింది. ఒకే మలుపుని ఇరవైసార్లు తప్పు లేకుండా తిప్పేవాడు గెలుస్తాడు.

బోర్డు కూడా దానికి తగ్గట్టే మారింది. పీజీఎస్‌లో గేటుకీ గేటుకీ మధ్య 20 మీటర్లకి పైనే. ఎప్పుడూ అదే దూరం కాబట్టి అదొక్క మలుపుకే కొలిచి చేశారు: మగవాళ్లకి 180 దాటిన పొడుగు, లోపల లోహపు పొర, పైన బూట్లకీ బోర్డుకీ మధ్య ఇంకో ప్లేటు. స్విట్జర్లాండ్‌లో కెస్లర్ లాంటి చిన్న వర్క్‌షాపులు అద్భుతంగా చేస్తాయి. కానీ మామూలు వాలు మీద, నలుగురు తిరిగే చోట, ఆ బోర్డు తిప్పాలంటే రోడ్డు మొత్తం కావాలి. షాపుకెళ్లి కొనుక్కుని ఆదివారం సరదాగా వేసుకునే వస్తువు కాకుండా పోయింది. బర్టన్ లాంటి పెద్ద కంపెనీ కూడా చివరికి ఆ వరస ఎత్తేసింది.

శివాజీపాలెం_కోచ్ · శనివారం ఉదయం 6:15

శేఖర్ గారూ, రాత్రి మీరు రాసింది ఇప్పుడే చదివాను. నాకు మంచు తెలీదు గానీ రూల్ ఏం చేస్తుందో తెలుసు, ఇరవై ఏళ్లుగా పిల్లలకి స్కేటింగ్ నేర్పుతున్నాను.

ప్రపంచ స్పీడ్ స్కేటింగ్‌లో 90లలోనే ఇన్‌లైన్ వచ్చి క్వాడ్‌ని పక్కకి నెట్టేసింది. నాలుగు చక్రాలు వరసగా ఉన్న బూటు ముందు, రెండు ముందు రెండు వెనక ఉన్న బూటు నిలబడలేదు. మన దేశంలో మాత్రం క్వాడ్ రేసులు నేటికీ నడుస్తున్నాయి. కారణం ఒక్కటే. మన జాతీయ పోటీల్లో క్వాడ్‌కి వేరే విభాగం ఉంచారు. వయసు వారీగా మెడల్స్ ఉన్నాయి. తల్లిదండ్రులు నన్ను మొదట అడిగే ప్రశ్న "సర్టిఫికెట్ వస్తుందా సార్?" అని. వస్తుంది కాబట్టి క్వాడ్ కొంటారు, కొంటారు కాబట్టి షాపుల్లో పెడతారు. రేపు ఆ విభాగం తీసేస్తే రెండేళ్లలో మా రింకులో క్వాడ్ చప్పుడు వినపడదు.

కాబట్టి రూల్స్ వల్లేనన్న మీ మాటకి నా ఓటు.

సప్పోరో_సత్య · ఉదయం 8:02

నాది ద్వారకానగర్, ఆరేళ్లుగా సప్పోరోలో ఉద్యోగం. శేఖర్ అన్నయ్యా, మీరు చెప్పిన విషయాలన్నీ ఒప్పుకుంటాను, తీర్పు మాత్రం ఒప్పుకోను.

పారలల్ వచ్చింది 2002లో. జబ్బు అంతకుముందే పట్టింది. 1997లో మొదటి వింటర్ ఎక్స్ గేమ్స్‌లో (కుర్రాళ్ల సాహస క్రీడల పోటీ) బోర్డర్‌క్రాస్ (గుంపుగా దిగే రేసు), బిగ్ ఎయిర్ (ఒకే పెద్ద దూకుడు), స్లోప్‌స్టైల్ (అడ్డంకుల మీద విన్యాసాలు) పెట్టారు, గేట్ల రేసు పెట్టలేదు. ఎవరో రూల్ రాసి తీసేయలేదు, కుర్రాళ్లకి అక్కర్లేకపోయింది. స్కీ వాళ్లలా ఉండకూడదనే కదా వాళ్లు స్నోబోర్డు ఎక్కింది! గట్టి బూట్లు, బిగుతు సూటు, గేట్లు, స్టాప్‌వాచీ... నాన్నగారి ఆటలా కనపడింది వాళ్లకి.

ఇంకోటి. కార్వింగ్ మజా కోసం వచ్చేవాళ్లని స్కీలే లాగేసుకున్నాయి. 1993లో ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అని నడుం సన్నగా ఉన్న స్కీలు తెచ్చింది. అంతకుముందు స్కీలు ఇంచుమించు తిన్నగా ఉండేవి. పక్క వంపు లోతుగా ఉంటే మలుపు దానంతటదే తిరుగుతుందని స్నోబోర్డు అప్పటికే చూపించేసింది. స్కీ వాళ్లకి ఆ సుఖం దొరికాక ఇంకొకడు రెండు కాళ్లూ కట్టేసుకుని కష్టపడటం దేనికి?

ఇక్కడ హొక్కైడోలో, కొరియాలో వచ్చి చూడండి. మోచెయ్యి మంచుకి ఆనించే కార్వింగ్ ఇప్పుడు పెద్ద ఫ్యాషన్. కొందరు మెత్తటి బూట్లతోనే, కొందరు సుత్తి తలలా నలుచదరం ముక్కున్న బోర్డులతో. గేట్లు లేవు, టైం లేదు. ఫోన్‌లో వీడియో తీసుకుంటారు, అంతే. పోయింది కార్వింగ్ కాదన్నయ్యా, రేసు.

కబడ్డీ_కృష్ణ · ఉదయం 9:18

ఏటండీ, టీవీ కోసం రూల్ మారిస్తే ఆట పోతుందా? మా కబడ్డీ చూడండి. 2014లో ప్రో కబడ్డీ వచ్చినప్పుడు వరసగా రెండు రెయిడ్లు ఖాళీగా వస్తే మూడోది చావో రేవో అన్నారు. ముప్పై సెకన్ల గడియారం పెట్టారు. పాత ఆటగాళ్లు "ఇదేం కబడ్డీ" అని సణిగారు. 2025లో మన పోర్టు స్టేడియంలో సీజన్ మొదలైనప్పుడు నేను రెండ్రోజులు వెళ్లాను, పక్కవాడి మాట వినపడలేదు అరుపులకి. టీవీ రూల్ మమ్మల్ని బతికించింది. మీ ఆటనెందుకు చంపింది?

గాజువాక_గిరి · ఉదయం 9:25

హాకీ గుర్తు చేయనా? 1976 మాంట్రియల్‌లో గడ్డి తీసేసి టర్ఫ్ వేశారు, మనోళ్లు ఏడో స్థానానికి పడ్డారు. నేలే మార్చేస్తే ఎవడేం చేస్తాడు.

సీతమ్మధార_శేఖర్ · ఉదయం 11:47

కృష్ణా, మంచి ప్రశ్న అడిగావు. దాని గురించి పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను.

చావో రేవో రెయిడ్‌ని టీవీలో చూసిన కుర్రాడు సాయంత్రం భీమిలిలో ఇసక మీద గీత గీసుకుని అదే రూల్‌తో ఆడుకోగలడు. ఒకడు లెక్కపెడితే చాలు. పారలల్ రేసు అలా కాదు. మామూలు జెయింట్ స్లాలమ్ అయితే చిన్న క్లబ్బు ఒక ట్రాకు గేట్లు పాతి, ఒక టైమర్ పెట్టుకుని నడిపేస్తుంది. మేం అలాగే చేసేవాళ్లం, వారం మధ్యలో స్కీ క్లబ్ వాళ్ల రేసు అయిపోయాక వాళ్ల గేట్లలోనే దిగేవాళ్లం. పారలల్‌కి గేట్లు రెట్టింపు, వెడల్పు రెట్టింపు, పైన ఇద్దరికీ ఒకేసారి తెరుచుకునే స్టార్టు తలుపులు, తేడా కొలిచే టైమింగ్. ఆదివారం పూట కొండ యజమాని అంత వాలు మూసి ఎందుకిస్తాడు? మా దగ్గర ఒక కొండ వాళ్లు రెండు సీజన్లు ఇచ్చి, మూడో ఏడు మొహం మీదే "కుదరదు" అనేశారు. ఆ ఏడాదే మా పదిహేను మందీ చెదిరిపోయాం. కొందరు స్కీలకి, కొందరు మెత్తటి బూట్లకి.

సత్యా, నువ్వన్న ఫ్యాషన్ సంగతి నిజం. జనం తగ్గడం ముందే మొదలైంది. కానీ తగ్గిన జనానికి మళ్లీ దారి దొరక్కుండా చేసింది రూలే.

ఎంవీపీ_మాధవి · మధ్యాహ్నం 12:30

ఒక చిన్న డౌటు. ఎర్ర ట్రాకు నీలం ట్రాకు కన్నా వేగంగా ఉంటే? ఎండ ఒక పక్కే పడితే?

సీతమ్మధార_శేఖర్ · మధ్యాహ్నం 1:10

అబ్బ, సరైన చోట పట్టుకున్నారు మేడమ్.

మొదట్లో దానికి మందు ఉండేది. ఇద్దరూ రెండుసార్లు దిగేవాళ్లు, రెండోసారి ట్రాకులు మార్చుకుని. మొదటి పరుగు తేడా రెండోదానికి మోసుకెళ్లేవాళ్లు: ముందున్నవాడి తలుపు ముందు తెరుచుకుంటుంది, వెనకున్నవాడు అంతసేపు కొట్టుకుంటున్న గుండెతో నిలబడాలి.

2014 సోచీ ఒలింపిక్స్‌లో పారలల్ స్లాలమ్ (పీజీఎస్ లాంటిదే, గేట్లు దగ్గరగా ఉంటాయి) సెమీఫైనల్. రష్యా తరఫున దిగిన విక్ వైల్డ్ మొదటి పరుగులో ఆస్ట్రియా బెంజమిన్ కార్ల్ కన్నా సెకనుకి పైగా వెనకబడ్డాడు. ఈ ఆటలో సెకనంటే మన ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మద్దిలపాలెం అంత దూరం. రెండో పరుగులో కార్ల్ వెళ్లిపోయాక బయల్దేరి, గేటు గేటుకీ తరుగుతూ తరుగుతూ గీత దగ్గర సెకనులో పిసరంత ముందు చేరాడు. నేను సోఫా మీంచి లేచి నిలబడిపోయాను. తర్వాత ఫైనల్ కూడా గెలిచాడు, అంతకు మూడ్రోజుల ముందే పీజీఎస్ కూడా గెలిచున్నాడు.

ఆ తర్వాత రెండో పరుగు ఎత్తేశారు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో ఒక్క పరుగే. క్వాలిఫయింగ్‌లో వేగంగా వచ్చినవాడు ట్రాకు ఎంచుకుంటాడు. ప్రసారం చకచకా అయిపోతుంది. విక్ వైల్డ్ చేసినట్టు ఇంకెవరూ చేయలేరు, ఎందుకంటే చేయడానికి రెండో పరుగే లేదు. టీవీ కోసం పెట్టిన ఆటలోంచి టీవీకి దొరికే అన్నిటికన్నా మంచి కథని టీవీ కోసమే తీసేశారు! నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

పెందుర్తి_పావని · మధ్యాహ్నం 2:22

విక్ వైల్డ్ అమెరికా వాడు కదండీ, రష్యాకి ఆడాడేంటి?

సీతమ్మధార_శేఖర్ · మధ్యాహ్నం 2:40

పుట్టింది అమెరికాలోనేనమ్మా. 2010 తర్వాత అమెరికా సమాఖ్య ఆల్పైన్ జట్టుకి డబ్బు ఆపేసింది. ఆయన రష్యా రేసర్ అలేనా జవర్జీనాని పెళ్లి చేసుకుని అటు వెళ్లిపోయాడు. సోచీ పీజీఎస్‌లో ఆవిడకి కాంస్యం, ఈయనకి స్వర్ణం, ఒకే రోజు.

జట్టెందుకు ఆపేశారంటే లెక్కే. హాఫ్‌పైప్‌లో అమెరికాకి బోలెడు మెడల్స్, ఆల్పైన్‌లో ఒక్కటంటే ఒక్కటి. ఆ ఒక్కటీ 2002లో క్రిస్ క్లగ్ అనే ఆయన తెచ్చిన కాంస్యం. అంతకు ఏడాదిన్నర ముందే లివర్ మార్పిడి అయిన మనిషి. ఆఖరి పరుగుకి ముందు బూటు బకిల్ విరిగిపోతే టేపు చుట్టుకుని దిగాడు.

ఒలింపిక్స్‌లో ఎన్ని పోటీలుంటే అన్ని మెడల్స్, మెడల్స్ ఉన్న చోటికే డబ్బు. సోచీలో పీజీఎస్‌తో పాటు పెట్టిన పారలల్ స్లాలమ్‌ని 2018కి తీసేశారు, అదే ఏడు బిగ్ ఎయిర్ వచ్చింది. ఇప్పుడు మిగిలింది పీజీఎస్ ఒక్కటే. 2030లో అదైనా ఉంచండని రేసర్లే ప్రచారం చేసుకుంటున్నారు.

పెందుర్తి_పావని · మధ్యాహ్నం 2:58

నాకు ఎస్టర్ లెడెట్స్కా తెలుసు! చెక్ అమ్మాయి. 2018లో స్కీల మీద సూపర్-జి అనే రేసు 0.01 సెకన్ల తేడాతో గెలిచి, స్కోరు బోర్డు చూసి నమ్మక అలా నిలబడిపోయింది. మేకప్ లేదని ప్రెస్ మీట్‌లో కళ్లద్దాలు తీయలేదు. సరిగ్గా వారానికి స్నోబోర్డు పీజీఎస్ కూడా గెలిచింది. మళ్లీ 2022లోనూ. అంత స్టార్ ఉండి కూడా ఆట పెరగలేదా?

సప్పోరో_సత్య · మధ్యాహ్నం 3:30

పావనీ, లెడెట్స్కా పేరు చెప్తే నా ఆఫీసులో అందరూ "స్కీలు గెలిచిన స్నోబోర్డర్" అంటారు. స్నోబోర్డు మీద ఏం గెలిచిందో ఒక్కడూ చెప్పలేడు.

కానీ అదే 2018లో పీజీఎస్ మగవాళ్లలో రజతం కొరియా వాడు ఈ సాంగ్-హోది. మంచు ఆటల్లో కొరియాకి అదే మొదటి ఒలింపిక్ మెడల్. చిన్నప్పుడు క్యాబేజీ చేను మీద వేసిన జారుడు వాలు మీద నేర్చుకున్నాడట, అందుకే "క్యాబేజీ బాబు" అని ముద్దుపేరు. ఇక్కడికి వచ్చే కొరియా కుర్రాళ్లలో గట్టి బూట్ల వాళ్లు బాగానే కనిపిస్తారు. అన్నయ్యా, ఒక్కటి ఒప్పుకుంటాను. ఒలింపిక్స్‌లో పీజీఎస్ లేకపోతే ఆ క్యాబేజీ బాబుని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. అంటే రూల్ మీ కొండ మీద చంపింది, వాళ్ల కొండ మీద పుట్టించింది.

శివాజీపాలెం_కోచ్ · మధ్యాహ్నం 3:41

మా క్వాడ్ లాగే.

సీతమ్మధార_శేఖర్ · సాయంత్రం 5:15

సత్యా, ఇది నేను ఆలోచించలేదు. అమ్మాయికి చెప్పిన జవాబు సగం వెనక్కి తీసుకోవాలి.

కబడ్డీ_కృష్ణ · సాయంత్రం 5:20

సగమే ఏటి గురూ 😄

శివాజీపాలెం_కోచ్ · సాయంత్రం 6:05

శేఖర్ గారూ, తుప్పు సంగతి నాకు వదిలేయండి. బేరింగులతో రోజూ అదే పని. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సన్న ఎమరీ పేపర్ ఒకే దిక్కుకి రుద్దండి, అటూ ఇటూ వద్దు. తర్వాత పలచగా నూనె. రేపు పొద్దున బీచ్ రోడ్డుకి తెస్తే పిల్లలకి చూపిద్దాం. వరసగా చక్రాలున్న బూటు మీద అంచు వాల్చడం నేర్పాలంటే నోటితో చెప్పి చెప్పి అలిసిపోయాను. మీరు నేల మీద నిలబడి ఆ వాలు చూపిస్తే చాలు.

సీతమ్మధార_శేఖర్ · రాత్రి 8:50

తెస్తాను మాస్టారూ. ఆరింటికి కాళీమాత గుడి ఎదురుగా, బండ్లు వదలకముందే. అంచులు రుద్దడం ఇప్పుడే అయింది, ఇల్లంతా కిరసనాయిలు వాసన, ఇంట్లో మాటలు పడుతున్నాయి. బూట్లు కూడా తీశాను. ఎడమ కాలిది పై బకిల్ పట్టుకోగానే బిస్కెట్‌లా విరిగి చేతిలోకొచ్చింది. ప్లాస్టిక్ కదా, ఇన్నేళ్ల వేడికి పెళుసుబారిపోయింది.

గాజువాక_గిరి · రాత్రి 8:53

టేపు నేను తెస్తాను.

ఎంవీపీ_మాధవి · రాత్రి 9:01

చూడ్డానికి నేనూ వస్తున్నాను. అయ్యాక మురీ మిక్చర్ గిరి గారిదే ఖర్చు.

గాజువాక_గిరి · రాత్రి 9:02

పొద్దున్న ఆరింటికి మురీ మిక్చర్ ఎవడు కలుపుతాడు మేడమ్?